సర్దుబాటమ్మ భోజనాల బల్ల

పొద్దున్నే టీ గిన్నె పొంగి పొయ్యి మీద పడింది. మామూలు రోజైతే ఆ ఇంట్లో ఇంత నేరం జరిగాక ఇల్లాలి గొంతు వీధి చివరిదాకా వినపడేది. ఆ రోజు ఆవిడకు పొయ్యి వంక చూసే తీరికే లేదు. హాల్లో అద్దం ముందు నిలబడి, "కుటుంబం నిలబడితేనే దేశం నిలబడుతుంది" అన్న ముక్కను ఒకసారి నవ్వుతూ, ఒకసారి గంభీరంగా అని చూసుకుంటోంది.

ఊళ్లో అందరూ ఆవిడను సర్దుబాటమ్మ అంటారు. మొగుడూ పెళ్లాలు విడిపోతామని బయలుదేరితే, పెద్దవాళ్లు వాళ్లను తెచ్చి ఈవిడ భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఒకరి గురించి ఒకరు ఒక్క మంచి మాట చెప్పాలి. చెప్పేదాకా కుర్చీ దిగడానికి వీల్లేదు. చెప్పాక, "ఇక కలిసి ఇంటికి వెళ్లండి" అని ఆవిడే గుమ్మందాకా వచ్చి సాగనంపుతుంది. పాతకాలపు పద్ధతులు కాపాడతామనే పార్టీ ఆ పేరు చూసే, ఎన్నికల మొహం ఎరగని మనిషికి పార్లమెంటు టిక్కెట్టు ఇచ్చింది. ఇప్పుడు ఆ బల్ల దగ్గరే ప్రచారానికి వీడియో తీస్తామని పార్టీ మేనేజరు కెమెరా మనిషిని వెంటబెట్టుకుని వస్తున్నాడు.

"టీ లేదు, టిఫినూ లేదు. మీ ప్రభుత్వం రాకముందే ఇంట్లో కరువొచ్చింది," అన్నాడు భర్త. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఇంట్లో ప్రతిపక్షం ఆయన ఒక్కడే, అదీ నవ్వించడం వరకే.

"మీ వేళాకోళం తర్వాత. ముందు ఆ చొక్కా మార్చుకోండి. మోచేతి దగ్గర రంగు మరక చూసుకున్నారా? దేశమంతా చూస్తుంది."

"చూడనీ. ఇంటాయన కూడా ఏదో పని చేస్తాడని తెలుస్తుంది."

వంటింట్లో పొయ్యి తుడుస్తున్న కూతురు ఫక్కున నవ్వింది. ఆ పిల్ల కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. కొన్ని వారాల క్రితం మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చేసింది. తల్లి మాత్రం ఇరుగుపొరుగుతో, "ఎన్నికల సాయానికి వచ్చింది" అని చెప్పుకుంటోంది. వచ్చినరోజే కూతురు తల్లిని ఒకటే అడిగింది. నన్ను మళ్లీ అక్కడికి పంపనని మాటివ్వమ్మా అని. "ఎన్నికలు కానీ, చూద్దాం," అంది తల్లి. అప్పట్నుంచీ ఆ "చూద్దాం" ఆ పిల్ల గొంతులో ముల్లులా ఉంది.

చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల చుట్టూ కుర్చీలు సర్దుతూ కూతురు ఆగిపోయింది.

"నాలుగు వెయ్యమన్నావు. మనం ముగ్గురమేగా? నాలుగోది ఎవరికమ్మా?"

తల్లి అద్దంలోంచే జవాబిచ్చింది. "మీ ఆయనకి."

"పిలిచావా?"

"పిలవక? అల్లుడేడీ, అల్లుడేడీ అని అవతలి పార్టీవాళ్లు ఊరంతా అడుగుతున్నారు. ఊళ్లోవాళ్ల కాపురాలు సర్దేది కన్నకూతురి కాపురం సర్దలేకపోయిందంటే నా పరువేం కాను? గంటసేపు కూర్చో. అయ్యాక అతనితో వెళ్లు. కొన్నాళ్లు చూడు."

"గెంటేసి, లోపల గడియ పెట్టుకునేవాడి దగ్గరికా?"

"చెయ్యి చేసుకున్నాడా? లేదుగా! కోపమొస్తే తలుపేసుకుంటాడు, చల్లారాక తీస్తాడు. ఆ మాత్రానికే కాపురం వదులుకుంటారుటే?"

"కూర చల్లారిందని తలుపేశాడు. షాపులో ఆలస్యమైందని తలుపేశాడు. మెట్ల మీద చెప్పుల్లేకుండా నిలబడితే, పై వాటా వాళ్లు దిగుతూ, ఏమ్మా ఇక్కడున్నావు అంటారు. ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించేదాన్ని. ఒకరోజు నటన కాదు, నిజంగానే నీకు చేశాను. మరిచిపోయావా?"

మరిచిపోలేదు. అప్పుడు ఆవిడ పార్టీ పెద్దల మధ్య కూర్చుని ఉంది. "వాడు తీసేదాకా ఓపిక పట్టు, నాన్నకు చెప్పకు" అని గబగబా ఫోన్ పెట్టేసింది.

గది గుమ్మంలో మాస్టారు చొక్కా ఒక చేతికి తొడుక్కుని, రెండోది తొడుక్కోవడం మరిచిపోయి నిలబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదే మీరు?" అన్నాడు. ఇంతలో బెల్లు మోగింది.

మేనేజరు వెనకాలే అల్లుడూ వచ్చాడు, నలగని చొక్కాతో, చేతిలో పూలగుత్తితో. "ఎలా ఉన్నారత్తయ్యగారూ!" అంటూ వంగి వంగి పలకరించాడు. ఎంత మర్యాదస్తుడో అని కెమెరా మనిషి కూడా ముచ్చటపడ్డాడు. బయటివాళ్ల దగ్గర అతని మర్యాదకు వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. కూతురు తండ్రి మొహం చూసింది, ఇంటినిండా ఉన్న పరాయివాళ్లను చూసింది, వచ్చి కూర్చుంది.

కెమెరా మొదలైంది. సర్దుబాటమ్మ తన పద్ధతి వివరించి, "ముందు నువ్వు చెప్పు బాబూ," అంది.

"ఇల్లు అద్దంలా ఉంచుతుందండీ. ఎదురు చెప్పదు."

"భేష్," అన్నాడు మేనేజరు.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మా."

కూతురు బల్ల అంచు పట్టుకుంది. తర్వాత తల ఎత్తి తల్లిని చూస్తూ అంది: "ఈయన ఎంత కోపంలో ఉన్నా గడియ వెయ్యడం మాత్రం మరిచిపోరు."

మేనేజరు మురిసిపోయాడు. "అబ్బ, ఏం మాట! జాగ్రత్తగల ఇంటి యజమాని! ఇది తప్పకుండా ఉంచుదాం!"

అల్లుడు కెమెరా వైపు నవ్వుతూనే బల్ల మీదికి వంగి, ఎదురుగా ఉన్న భార్యకు మాత్రమే వినపడేలా, "ఇంటికి రా, చెబుతా," అన్నాడు. కానీ ఇద్దరి మధ్య ఓ పక్కగా కూర్చున్న అత్తగారికీ వినపడింది. బల్ల కింద కూతురి కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుపోవడం కూడా ఆవిడకు కనపడింది. ఎప్పుడో మెట్ల మీంచి ఫోన్ చేసిన కూతురి గొంతుకు ఇన్నాళ్లకు ఆవిడ కళ్లముందు మొహం వచ్చింది.

"అమ్మగారూ, ఇక మీ మాట," తొందరపెట్టాడు మేనేజరు. "ఇక కలిసి ఇంటికి వెళ్లండి. అంతే, అయిపోతుంది."

ఎంతమందికో అలవాటుగా చెప్పిన మాట. నోరు తెరిచింది, రాలేదు. మళ్లీ ప్రయత్నించింది.

"అది వెళ్లదు. ఇదే దాని ఇల్లు."

"ఆపు, ఆపు!" మేనేజరు కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏంటమ్మగారూ ఇది? ఈ బల్ల చూసి టిక్కెట్టిచ్చాం. సాయంత్రం సభలో ఏం చెబుతారు?"

"సభా లేదు, గిభా లేదు. నీ టిక్కెట్టు నువ్వు పట్టుకెళ్లు."

"పిలిచి అవమానిస్తారా?" అల్లుడు లేచి గొంతు పెంచాడు. వచ్చిన దగ్గర్నుంచీ దాచుకున్న గొంతు అది. మాస్టారు వెళ్లి వీధి తలుపు బార్లా తీశాడు. "బాబూ, మా ఇంట్లో తలుపు తీస్తాం. వెళ్లు," అన్నాడు.

అందరూ వెళ్లాక ఇల్లు ఖాళీ అయింది. తల్లి కూతురి చెయ్యి పట్టుకోబోయింది. కూతురు ఇవ్వలేదు.

"నేను ఆ గడియ మాట అనకపోతే పంపేసేదానివేగా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆవిడ చెప్పలేదు. "పంపేసేదాన్నే," అని బల్ల మీద తల పెట్టుకుని భోరుమంది. "నాకేం తెలుసే! ఎంతమందిని పంపాను! ఒక్క ఆడపిల్లయినా మళ్లీ నా గుమ్మం ఎక్కలేదు. అందరూ సుఖంగా ఉన్నారు కాబోలు అనుకున్నాను."

"సుఖంగా ఉండి కాదమ్మా. మళ్లీ వస్తే మళ్లీ పంపేస్తావని రాలేదు."

తల్లి ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. ఇన్నేళ్లూ తాను గర్వపడింది దేనికో ఇప్పటికి అర్థమైంది. కాసేపటికి లేచి, కొంగుతో మొహం తుడుచుకుని చెప్పులు వెతుక్కుంది.

"ఎక్కడికి?" అంది కూతురు.

"వాళ్లిళ్లకి. ఒక్కొక్కళ్లనీ అడుగుతాను ఎలా ఉన్నారో. నువ్వు కూడా వస్తావుటే?"

కూతురికి కోపం పోలేదు. అయినా దగ్గరికి వచ్చి, ఆవిడ చేతిలోంచి చెప్పులు తీసి కింద పెట్టింది.

"ఇవాళ ఆదివారమమ్మా, మొగుళ్లంతా ఇళ్లల్లో ఉంటారు. వాళ్ల ముందు ఎవరూ నిజం చెప్పరు. రేపు వెళ్దాం."