ప్లాటినం మీద కర్చీఫ్

"మీ హీటర్‌కి పిచ్చెక్కింది!"

ల్యాబ్ తలుపు తీయగానే హీటర్ మెకానిక్‌కి అక్షింతలు పడ్డాయి. టూల్‌బాక్స్ దించకుండానే నిలబడిపోయాడు. అరిచిన రీసెర్చ్ అమ్మాయి కళ్ళలో కోపం లేదు. భయం ఉంది.

స్క్రీన్ మీద గీత లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది.

"ప్లాటినం రేకు మీద కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌తో కలుస్తోంది. అన్నీ ఒకేలా ఉంచినా ఆ కలిసే వేగం ఇలా ఊగుతోంది. నిజంగా రేకే ఊగిస్తుంటే అది నా థీసిస్. ఊగేది మీ హీటరైతే, సాయంత్రం మా సార్ ఇదంతా ఊడబీకిస్తారు."

"అసలు రేకు ఎందుకు ఊగిస్తుందండీ?"

"మోనాక్సైడ్ బస్సులో కర్చీఫ్ వేసినట్టు రేకు మీద సీట్లన్నీ పట్టేస్తుంది. ఆక్సిజన్‌కి చోటుండదు, వేగం తగ్గుతుంది. కాసేపటికి రేకు పైపొర సర్దుకుని చోటిస్తుంది, వేగం పెరుగుతుంది. తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది."

అతనికి సగమే అర్థమైంది. ఆమె కళ్ళలోని భయం మాత్రం పూర్తిగా అర్థమైంది. రిపేర్లకొచ్చిన ప్రతిసారీ ఆ కళ్ళనే చూస్తున్నాడు మరి.

"తప్పు నాదేనని మీ సార్‌కి చెప్పేయండి. గడువిస్తారు."

"మీ హీటర్ చెడిపోయిందంటే నా గీత అబద్ధం! మునిగితే ఇద్దరం కలిసే మునుగుతాం."

'ఇద్దరం కలిసే' దగ్గర అతని గుండె తడబడింది.

దారి ఒక్కటే. వేడిని సరిచేస్తుండే కంట్రోలర్‌ని తప్పించి, కరెంటు ఒకేలా ఇవ్వాలి. అప్పుడూ ఊగితే అది ప్లాటినం పనే.

"నా చేత్తో ఆ కంట్రోలర్ వైరు తీయలేను," అంది.

అతనే వైరు తప్పించాడు.

గీత జారింది. అడుగుకు చేరి అక్కడే పడుకుంది. ఆమె అతని చొక్కా పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకే తెలియదు. అతనికి భయం రెట్టింపైంది. గీత లేవకపోతే ఈ చెయ్యి మళ్ళీ దొరకదు.

లేవలేదు.

"పోయింది," అంది ఏడుపు గొంతుతో.

"ఉండండి. సీటు కోసం నిలబడ్డవాడు అంత తొందరగా బస్సు దిగడు."

గీత కదిలింది. పైకి పాకింది. దిగి, మళ్ళీ లేచింది.

ఆమె నవ్వేసింది, ఏడ్చేసింది కూడా. చొక్కా వదల్లేదు.

"హీటర్ మంచిదేనండి. ఇక నన్ను పిలిచే పనుండదు," అంటూ టూల్‌బాక్స్ తీసుకున్నాడు. ఆ మాట అనడానికి, వైరు తీసినప్పటికన్నా ఎక్కువ భయమేసింది.

ఆమె కర్చీఫ్‌తో కళ్ళు తుడుచుకుని, దాన్ని పక్కనున్న ఖాళీ స్టూలు మీద పరిచింది.

"ఎవరికండీ?"

"నిలబడ్డవాడికి."

అతను టూల్‌బాక్స్ మళ్ళీ కింద పెట్టాడు.