మంచుచిరుత ముసుగు

ఆ అమ్మాయి తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వచ్చింది. రెండు చేతులా పొదివి పట్టుకున్న సంచిని సాదత్ బల్ల మీద దించి, "ఇది మా అన్న తల" అంది.

ముకాష్ చేతిలోని గిన్నెలోంచి టీ ఒలికింది. టాక్సీ తోలడం మానేసి డిటెక్టివ్ సాదత్ దగ్గర సహాయకుడిగా చేరాక అతను చాలా చూశాడు గానీ, ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు. సాదత్ మాత్రం కళ్ళద్దాలు సవరించుకుని సంచి మూతి విప్పింది. లోపల ఉన్నది శిరస్త్రాణం. పైకెత్తే ముసుగుగా తెల్లటి చిరుత ముఖం, బూడిదరంగు మచ్చలు, కళ్ళ చోట పొగరంగు పలకలు. వెనకవైపు నిలువునా కోసేసి ఉంది.

"కోసిందెవరు?"

"అంబులెన్సువాళ్ళు. ఎంత లాగినా ఊడి రాలేదు."

ఆమె పేరు సిర్గా. అన్న కుబత్ పగలంతా దంతవైద్యుడి దగ్గర కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. ఇంటికొచ్చాక అద్దాలు బిగించిన బాల్కనీలో కూర్చుని, వ్యాయామశాలల్లో పరిచే స్పాంజి చాపలు కోసి, వేడిచేసి వంచి, అంటించి, రంగులు వేస్తాడు. ఏడాది పైగా అలా కష్టపడి, తనే ఊహించుకున్న మంచుచిరుత అనే వీరుడికి నిలువెత్తు కవచం కట్టాడు. లోపలి పట్టీలన్నీ సిర్గా కుట్టింది. మొన్న బిష్కెక్ నగరం పెద్ద చౌరస్తాలో వేషాల పోటీ జరిగింది.

"అన్న వంతు ఆలస్యమైంది. నెత్తిన ఎండ మండిపోతోంది. వేదికెక్కి ముసుగెత్తి మొహం చూపించాలి. చెయ్యి పెట్టాడు, లేవలేదు. గడ్డం కింద బిగింపు లాగాడు, అదీ రాలేదు. మోకాళ్ళ మీద పడిపోయాడక్కా. జనం నటిస్తున్నాడనుకుని చప్పట్లు కొడుతూనే ఉన్నారు."

కుబత్‌కు ఆసుపత్రిలో ఇంకా తెలివి రాలేదు. పోలీసులు వడదెబ్బ అని రాసుకుని వెళ్ళిపోయారు.

"వడదెబ్బ కాదని నీకెందుకనిపించింది?"

"ఆ పొద్దున పలకలు తుడిచింది నేనే. ముసుగు వేలితో ఎత్తితే లేచింది. తర్వాతే ఎవరో అంటించారు. అది జొల్దోష్ పనే అంటున్నారు మా నాన్నా, బాబాయిలూ. ఒకప్పుడు అన్నా వాడూ కలిసే వేషాలు చేసేవాళ్ళు, తర్వాత చెడింది. వాడూ పోటీలో ఉన్నాడు. స్పాంజి వేడిచేసే హీట్‌గన్ తిరిగిచ్చే వంకతో ఆ పొద్దున మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు గానీ, శిరస్త్రాణం ఆ గుమ్మం పక్కనే ఉంది. నిన్న వాడి కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఇవాళ ఇంకేం పగలగొడతారో."

సాదత్ ముసుగు అంచులో గుండుసూది గుచ్చి చూసింది. పసుపచ్చటి జిగురు చారలా కారి గడ్డం దగ్గర బిగింపులోకి దిగి గడ్డకట్టింది. నుదుటి దగ్గర చిన్న ఫ్యాను ఉంది. దాని డబ్బా మూత తీసింది.

"ఇది ఆగిపోయిందా?"

"లేదు. దీన్ని కోసి తీసినప్పుడు కూడా తిరుగుతూనే ఉంది. అదే నాకర్థం కాలేదు. బ్యాటరీలు అయిపోవచ్చాయి, మార్చు అంటే నవ్వేసి ఊరుకున్నాడు."

"ఇవి కొత్తవిలా ఉన్నాయే."

సిర్గా వంగి చూసింది. "అన్న కొనేవి నల్లవి. ఈ ఆకుపచ్చవి అన్నవి కావు."

*

జొల్దోష్ కిటికీలకు అట్టముక్కలు అంటించి ఉన్నాయి. గొలుసు తియ్యకుండా సందులోంచి చూసి, ముకాష్ భారీ శరీరం కనబడగానే తలుపు మూయబోయాడు.

"కొట్టడానికొచ్చినవాళ్ళం కాదు. అడగడానికొచ్చాం" అంది సాదత్.

"అందరూ అలాగే మొదలుపెడతారు" అన్నాడు గానీ గొలుసు తీశాడు. శిరస్త్రాణం చేతికిస్తే చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. కోసిన చోట వేలు పెట్టి ముఖం చిట్లించాడు.

"చచ్చు పని. ఈ జిగురు రెండు అంచులకీ పూసి, చేతికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు అదమాలి. తడి మీదే అదిమేశారు. అందుకే కారింది, ఎండలో బిగిసింది."

"తెలిసినవాడు తెలియనట్టు నటించలేడా?" అన్నాడు ముకాష్.

"నటించొచ్చు." జొల్దోష్ శిరస్త్రాణాన్ని ఒళ్ళోంచి దించలేదు. "అన్నా, నాకు వాడిమీద కోపం ఉంది. లేదని చెప్పను. కానీ ఈ ఊళ్ళో నా పని చూసి బాగుందో బాలేదో చెప్పగలిగేవాడు వాడొక్కడే. వాణ్ణి చంపుకుని నేనెవరికి చూపించుకోవాలి?"

*

కుబత్ తండ్రి ఇసాకున్ తలుపు తీస్తూనే అరవడం మొదలుపెట్టాడు. పోలీసులు దద్దమ్మలన్నాడు, జొల్దోష్‌ను బతకనివ్వనన్నాడు, చివరికి ఆసుపత్రి మంచం మీద ఉన్న కొడుకునూ తిట్టాడు.

"పెళ్ళి కావలసిన మొగాడికి చిరుత వేషమేంటి? ఇంతకుముందు ఒక సంబంధం ఇందుకే తప్పిపోయింది. ఎవరికి చెప్పుకుంటాం?"

తల్లి కాలిపా టీ పోసింది, బూరెలు పెట్టింది, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. వంటింట్లో చప్పుడు లేదు. కిటికీ గట్టున పాత రేడియో ఉంది.

"రేడియో వినరా అమ్మా?" అని అడిగింది సాదత్.

"పాడైంది" అంది కాలిపా.

"పోటీ రోజు పొద్దుటి నుంచీ మూగబోయింది" అన్నాడు ఇసాకున్. "లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మోగాలి ఈవిడకి. బాగుచేయిస్తానంటే ముట్టుకోనివ్వదు."

"కాబోయే కోడలు మేరిమ్ వాళ్ళూ పోటీ చూడ్డానికి వచ్చారట, సిర్గా చెప్పింది" అంది సాదత్.

"వాళ్ళ నాన్న ఓముర్బెక్ కూడా వస్తున్నాడని ముందురోజు కబురొచ్చింది" అన్నాడు ఇసాకున్. "కుబత్‌ని బతిమాలాం, ఈ ఒక్కసారికి మానెయ్యరా అని. నా చేత్తో చేసిందాంట్లో నా మొహం చూపించుకోవడానికి సిగ్గేంటి అన్నాడు."

మెట్లు దిగుతుండగా ముకాష్ ఉండబట్టలేకపోయాడు. "తండ్రేనక్కా. ఆ కోపం చూశారుగా."

"అరిచేవాడి కోపం అరుపులతోనే ఖర్చయిపోతుంది ముకాష్. సాయంత్రం అందరూ ఆ గదిలో ఉండాలి. జొల్దోష్‌ని నువ్వే పక్కన ఉండి తీసుకురా. ఓముర్బెక్‌ని కూడా పిలువు."

ముకాష్‌కు ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడే ఆమె మీద అతనికి గురి ఎక్కువ.

*

ముకాష్‌ను చూసి కింద వాకిట్లో ఉన్న కుబత్ బాబాయిలు దారి ఇచ్చారు గానీ, జొల్దోష్ కాళ్ళ దగ్గర ఉమ్మేశారు. పైన గదిలో ఇసాకున్, కాలిపా, సిర్గా ఓ పక్క కూర్చున్నారు. ఎదురుగా ఓముర్బెక్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జొల్దోష్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సాదత్ శిరస్త్రాణాన్ని మధ్యలో పెట్టింది.

"చంపాలనుకున్నవాడు ఏం చేస్తాడు? ముందు గాలి ఆపుతాడు. ఫ్యాను తీగ తెంపితే చాలు. ఇక్కడ తీగ తెగలేదు. పైగా అయిపోవచ్చిన బ్యాటరీలు తీసేసి ఎవరో కొత్తవి వేశారు. ముసుగు అంటించిన చెయ్యే, లోపల మనిషికి ఊపిరాడాలని కూడా చూసింది."

"పగవాడు అలా ఎందుకు చేస్తాడు?" అన్నాడు ఇసాకున్.

"పగవాడు చెయ్యడు. జిగురు తడి మీద అదిమిన తీరు చూస్తే పని తెలియనివాళ్ళు చేసిందే. జొల్దోష్ నటించాడే అనుకుందాం, గుమ్మం దాటి రానివాడికి వంటింటి రేడియోలో బ్యాటరీలు ఎలా దొరుకుతాయి?"

ముకాష్ లేచి కిటికీ గట్టు మీది రేడియో తెచ్చాడు. సాదత్ మూత తీసింది. ఖాళీ. ఫ్యానులోని ఆకుపచ్చ బ్యాటరీలు తీసి అందులో పెట్టింది. వార్తలు చదివే గొంతు గది మధ్యలో గట్టిగా పలికింది. అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఇంట్లో ఎవరు తీసినా రేడియో ఆగిందేమని అడిగే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ అడగలేదు. పాడైందని చెప్పి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

ఇసాకున్ మెల్లగా భార్యవైపు తిరిగాడు.

"అప్పుడు వాడు బాల్కనీలో కవచం తొడుక్కుంటున్నాడు" అంది కాలిపా. చూపు తన చేతుల మీదే ఉంది. "మొహం ఒక్కటి కనబడకపోతే చాలనుకున్నాను. ఎవరో వేషగాడు అనుకుని వియ్యంకుడు వెళ్ళిపోతాడనుకున్నాను. ఉక్కపోస్తుందేమోనని బ్యాటరీలు మార్చాను. ఆ జిగురు కారుతుందని నాకు తెలీదమ్మా. గడ్డం కింది బిగింపు కూడా పట్టేస్తుందని తెలీదు."

"మూడు రోజులుగా నీ ఎదురుగానే వాణ్ణి చంపుతామంటున్నాం కదే" అన్నాడు ఇసాకున్, జొల్దోష్‌వైపు చూడలేక.

"నోరు రాలేదు."

ఓముర్బెక్ గొంతు సవరించుకున్నాడు. "వియ్యపురాలా, ఒక మాట. ఆ వేషంలో ఉన్నది మా అల్లుడేనని మాకు ముందే తెలుసు. మేరిమ్ ఎప్పుడో చెప్పింది. మనవణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ముందు వరసలో నిలబడ్డాను. ముసుగెత్తు, ముసుగెత్తు అని అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను."

కాలిపా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనకనుంచి వచ్చిన శబ్దం ఏడుపో నవ్వో తెలియలేదు.

అప్పుడే ఆసుపత్రి నుంచి సిర్గాకు ఫోను వచ్చింది. వింటూ వింటూ ఆ అమ్మాయి లేచి నిలబడింది. "కళ్ళు తెరిచాడట. మంచినీళ్ళు అడిగాడట."

ఇసాకున్ చెప్పులు వెతుక్కుంటూ లేచాడు. సాదత్ కాలిపా దగ్గరకు వెళ్ళింది. "పోలీసులకు చెప్పాలో వద్దో కుబత్ నిర్ణయించుకుంటాడు. అతనికి మాత్రం మీ నోటి నుంచే తెలియాలి."

"చెబుతాను" అంది కాలిపా. ముసలి చేతులతో తలగుడ్డ బిగించి కట్టుకుని జొల్దోష్ ముందు నిలబడింది. "ముందు నువ్వు నాతో కిందికి రా నాయనా."

సాయంత్రం చల్లబడిందని వాకిలంతా జనమే. బెంచీల మీద ఆడవాళ్ళు, కార్ల చుట్టూ మగవాళ్ళు, వాళ్ళ మధ్యలో కోపంతో కాచుకుని ఉన్న కాలిపా మరుదులు. జొల్దోష్ కనబడగానే ఒకడు ముందుకు వచ్చాడు. కాలిపా అతనికి అడ్డం నిలిచింది. నలుగురూ ఏమనుకుంటారోనని జన్మంతా భయపడిన మనిషి, ఆ వాకిలి నలుమూలలా వినబడేలా గొంతెత్తింది.

"వీణ్ణి ముట్టుకోకండి. నా కొడుకు ముసుగు అంటించింది నేను."