బూబూ ఇంటి కుళాయి

సువా పట్నంలో మా సందు చివర, మడ అడవి మొదలయ్యే చోట, ఒక రేకుల ఇల్లు ఖాళీగా పడి ఉంది. దాని ముందు ఒక కుళాయి. ఆ కుళాయికున్నంత చెడ్డ పేరు మా ఊళ్ళో జైలుక్కూడా లేదు.

పగలు పిల్లలు అక్కడే రగ్బీ ఆడతారు. చీకటి పడిందా... ఇక అటు కుక్క కూడా పోదు.

చీకట్లో అక్కడికి పోవాల్సిన ఖర్మేమిటి అంటారా? నీళ్ళు! సువాలో వాన కురుస్తూనే ఉంటుంది, కుళాయిలో మాత్రం చుక్క రాదు. గొడుగు పట్టుకుని నీళ్ళ ట్యాంకరు కోసం లైన్లో నిలబడే జనం లోకంలో మేమొక్కళ్ళమే అయ్యుంటాం. ఆ ఏడు నీళ్ళ కోత మరీ ముదిరింది. మా సందేమో కొండవాలు మీద ఉంది. పై ఇళ్ళకు నీళ్ళు ఎక్కవు. అందరికన్నా పల్లంలో ఉన్నది ఆ రేకుల ఇల్లే, బూబూది. పొద్దుగూకాక కాసేపు ఆ ఒక్క కుళాయిలోనే నీళ్ళొచ్చేవి.

బూబూ అంటే మామ్మ. ఆ ముసలావిడను సందంతా అలాగే పిలిచేది. నా అన్నవాళ్ళు లేరు. ఒంటరిగా ఆ ఇంట్లోనే పోయింది. ఆవిడ పోయిన కొన్నాళ్ళకు మొదలైంది... ఆ గొంతు.

మొదట విన్నవాడు అపెనిసా. టాక్సీ నడుపుతాడు. ఒకప్పుడు రగ్బీలో ఎదుటివాళ్ళను గుద్ది పడేసినవాడు, దున్నపోతంత మనిషి. బకెట్టూ చెప్పులూ అక్కడే వదిలేసి వచ్చి నా దుకాణం అరుగు మీద పడ్డాడు.

"సామీ... లోపల ఉంది..."

"ఏముందిరా?"

"పిలిచింది. 'యదా... యదా...' అని. చెవిలో చెప్పినట్టు."

ఒకే పేరున్న ఇద్దరు ఇక్కడ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. 'యదా' అనుకుంటారు. నీ పేరే నా పేరు, నువ్వు నా మనిషివి అని. సొంత చుట్టం కన్నా ఎక్కువ ఆ వరస.

"నువ్వు అపెనిసావి. అది ముసలమ్మ. నీకూ దానికీ ఒకే పేరెలా ఉంటుందిరా?" అన్నాను.

"చీకట్లో దానికేం తెలుస్తుంది సామీ, వచ్చింది ఎవరో!"

నవ్వాను గానీ, ఆ వారంలోనే మరో ఇద్దరు ఆడవాళ్ళు అదే పిలుపు విన్నారు. బూబూ అసలు పేరు సందులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. ఆవిడ పెన్షను కాగితం చూసి సమాధి మీది శిలువకు పేరు రాసింది నేనే, దుకాణం బోర్డు రాయగా మిగిలిన రంగుతో. అటు పోయి చదివినవాళ్ళు లేరు. చెప్తాను, ఈ గోల వదుల్తుంది అంటే ఆడవాళ్ళంతా చెవులు మూసుకున్నారు.

"వద్దు సామి అన్నా, నీకు దణ్ణం పెడతాను! అది నా పేరే అయితే నాకీ జన్మకు నిద్ర పట్టదు," అంది ఒకామె.

నాకు ఒళ్ళు మండింది. నీళ్ళు రాబోయే ముందు గొట్టంలో గాలి బుసకొడుతుంది, అంతే అన్నాను. ఎవరూ వినలేదు. మీ చావు మీరు చావండని నోరు మూసుకున్నాను. ఆ పేరు అలా నా నోట్లోనే ఉండిపోయింది.

ఆ కుళాయికి ఇంకా పోతున్నది ఉనైసి ఒక్కతే.

ఉనైసికి భయం లేదు. ధైర్యం ఉండి కాదు, ఆ పిల్లలో ఏదీ మిగల్లేదు. మొగుడు ఇలైతియా ట్యూనా పడవ మీద పనికి పోయి తిరిగి రాలేదు. సముద్రంలో పడ్డాడన్నారు. శవం దొరకలేదు. పూడ్చడానికి ఏమీ లేక చాప పరిచి ప్రార్థన చేసి లేచారు. అప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి. కబురు విన్న రోజున ఏడవలేదు. పాప పుట్టిన రోజున నవ్వలేదు. కావా వేరు కలిపిన నీళ్ళు తాగితే పెదవులు మొద్దుబారతాయి చూడండి, ఉనైసికి మనిషి మనిషంతా అలా అయింది. పాపకు పాలిచ్చేది, బట్టలుతికేది, కర్రపెండలం ఉడకేసేది. పేరు మాత్రం పెట్టలేదు. పాపకు నెలలు గడిచినా ఇంకా "పాపే".

కందావు దీవి నుంచి అత్తగారు తోరికా దిగింది. మంచిదే, కానీ మాట కటువు. నా దుకాణంలో పంచదార తీసుకుంటూ అంది. "పేరైనా పెట్టని తల్లి దగ్గర నా కొడుకు బిడ్డనెలా వదిలేది? రేపు పొద్దుటి ఓడకు తీసుకుపోతున్నాను. అడిగితే సరేనంది. అదీ ఎలాగంటే... బట్టలు తడిశాయా అంటే అవునన్నట్టు!"

నేనేం చెప్పను? ఆవిడా కొడుకును పోగొట్టుకున్న మనిషే.

ఆ సాయంత్రం చీకటి పడగానే కరెంటు పోయింది. నేను లాంతరు వెలిగించి, రొట్టెలు లోపల పెడుతున్నాను. ఉనైసి వచ్చింది. వీపున పాప, చేతిలో బకెట్టు. బకెట్టు ఖాళీగా ఉంది.

"నీళ్ళు రాలేదామ్మా?"

"వచ్చాయి," అంది. "సామి అన్నా... బూబూ పేరు ఉనైసేనా?"

చేతిలో రొట్టె కింద పెట్టాను.

"ఎందుకడుగుతున్నావు?"

అప్పుడు చెప్పింది. ఆమె చెప్పినట్టే చెప్తాను. గొంతులో ఏ తేడా లేదు, బియ్యం రేటు చెప్పినట్టు చెప్పింది.

బకెట్టు కింద పెట్టి కుళాయి తిప్పిందట. ముందు గాలి... తర్వాత సన్నటి ధార. బకెట్టు సగం నిండింది. ఉన్నట్టుండి ధార ఆగిపోయింది. కప్పలు కూడా ఆగిపోయాయి. మడ అడవిలో చడీ చప్పుడూ లేదు...

అప్పుడు —

"యదా..."

తల తిప్పింది. తలుపు మూసే ఉంది.

"యదా... యదా..."

ఈసారి తలుపు ఇవతల నుంచి. మెడ వెనక, చల్లగా... ఊపిరి తగిలినంత దగ్గరగా.

"నువ్వేం చేశావు?" అన్నాను.

"వస్తానన్నాను."

"ఏమిటీ?"

"నన్నే కదా పిలుస్తోంది. ఇన్నాళ్ళూ ఎవరినో అనుకున్నాను. రోజూ వెళ్తున్నదాన్ని నేనే కదా. వస్తాను, రేపు పాప ఓడెక్కాక వస్తానని చెప్పి నీళ్ళు పారబోసి వచ్చేశాను. నీళ్ళతో ఇంక పనేముంది?" బకెట్టు ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుని అంది. "పేరు ఒకటేనో కాదో కనుక్కుందామని నీ దగ్గరికొచ్చాను అన్నా. కాకపోతే పిలవని చోటికి పోయినట్టవుతుంది."

దెయ్యం మాటలు చాలా విన్నాను గానీ ఎప్పుడూ భయపడలేదు. ఆ మాటకు భయపడ్డాను. లాంతరు వెలుగులో ఆ పిల్ల ముఖం శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది. అవునంటే చాలు, పోతుంది.

"కాదు," అన్నాను. "నీ పేరు కాదు. నిన్ను కాదమ్మా పిలిచింది. ఆవిడ పేరు సలనియేతా. నా చేత్తో శిలువ మీద రాశాను. సలనియేతా!"

ఉనైసి చేతిలోంచి బకెట్టు జారిపోయింది.

"ఎవరు చెప్పారు నీకా పేరు?"

"చెప్తున్నాగా, ఆవిడ పేరే అది..."

"లేదు. ఆ పేరు ఎవరికీ తెలియదు." మొదటిసారి ఆమె గొంతు వణికింది. "రేవులో పడవెక్కే ముందు పాప నాన్న నా కడుపు మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఆడపిల్లయితే సలనియేతా అని. అదేం ముసలి పేరు, ఎవరిదని నవ్వాను. వచ్చాక చెప్తానన్నాడు. తనెవరికీ చెప్పలేదు, నేనెవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆ పేరు... నా నోటికి రాలేదు అన్నా. పలికితే ఆయన ఇక రాడన్నట్టే అవుతుందని..."

నాకు కాసేపటికి గానీ తట్టలేదు. బూబూ బతికున్నప్పుడు రోజూ ఆవిడ బకెట్టు మోసింది ఇలైతియానే. మోసినవాడికి పేరు తెలియదా? నీ పేరు పెడతానని ముసలిదానికి మాట ఇచ్చే ఉంటాడు. అంతవరకూ సరే. అతను పడవెక్కాక బూబూ పోయింది. పాప పుట్టింది ఆ తర్వాత. పాపను ఇంటికి తెచ్చిన రోజుల్లోనే ఆ పిలుపు మొదలైంది. ఇది మాత్రం గొట్టంలో గాలి అని నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఉనైసి వీపున ఉన్న పాపను ముందుకు తెచ్చుకుంది. నిద్రపోతున్న ఆ ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. పెదవులు కదిలాయి. "సలనియేతా," అంది. ఇంకోసారి అంది. తర్వాత ఒక్క ఉదుటున వీధిలోకి పరుగెత్తింది, పల్లంలోకే.

లాంతరు పట్టుకుని వెనకాలే పోయాను. మలుపు దాకా పోయాను, అబద్ధమెందుకు, అంతకుమించి కాళ్ళు రాలేదు. ఆ చీకటి ఇంటి ముందు ఉనైసి నిలబడి పాపను రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది.

"ఇదిగో బూబూ! నీ యదా! చూసుకో!"

అంటూనే నేల మీద కూలిపోయింది. ఏడుపు మొదలైంది. అంత కాలం పేరుకున్నదంతా... అది మనిషి గొంతులా లేదు. పాప లేచి అదీ అందుకుంది. సందు పొడుగునా కిటికీలు ధడాలున మూసుకున్నాయి. ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు. ఒక్క తలుపే తెరుచుకుంది. తోరికా బయటికొచ్చి, చీకట్లో పడుతూ లేస్తూ నన్ను దాటుకుని కిందికి పోయింది. తన కోడలి గొంతు అని గుర్తుపట్టింది ఆవిడ ఒక్కతే. ఇంక నాకక్కడ పని లేదని పైకి వచ్చేశాను. చాలా రోజుల తర్వాత నా గుండె కాస్త తేలికపడింది.

మర్నాడు తోరికా ఓడెక్కింది, ఒక్కతే. రేవులో దింపి వచ్చిన అపెనిసా నా దుకాణం ముందు టాక్సీ ఆపి, అటూ ఇటూ చూసి గుసగుసగా అన్నాడు.

"రాత్రి విన్నావా సామీ? కింద దెయ్యాలు ఏడ్చాయి."

"దెయ్యాలు కాదురా సన్నాసీ. ఉనైసి, వాళ్ళ అత్త, పాప."

అపెనిసా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"పాప ఏడుపు నాకు తెలుసు సామీ," అన్నాడు. "అది కాక ముగ్గురు ఆడవాళ్ళు."