గేటు దాటితే చాలు

వెనక అద్దం భళ్లున పగులుతుంది!

"తల దించు!" అన్నయ్య స్టీరింగ్ మీద వంగి అరుస్తాడు.

అతని చెల్లెలు, కేంద్ర బ్యాంకు గవర్నర్, సీటు కిందికి జారిపోతుంది. ఒళ్లో గాజు పెంకులు. చెవుల్లో హోరు.

వెనక జీపు. దగ్గరవుతోంది!

"నీకెందుకే ఈ పంతం? సరేనంటే పోయేదిగా!"

"నోట్లు అచ్చేసి ఇవ్వమంటున్నాడు అన్నయ్యా, అధ్యక్షుడు! మనం అమ్ముకు బతికే చమురు ధర పడిపోయింది. ఎన్నికలు నెత్తిమీదున్నాయి. ఖజానాలో చిల్లిగవ్వ లేదు."

"ఇచ్చెయ్! నీ అబ్బ సొమ్మా?"

"నాన్న సంగతి మర్చిపోయావా?"

అన్నయ్య గేరు మారుస్తాడు.

వాళ్ల చిన్నప్పుడూ ఇలాగే చమురు ధర పడింది. అప్పటి గవర్నర్ తలూపాడు. నోట్లు గుట్టలుగా దిగాయి, ధరలు ఆకాశాన్నంటాయి. నాన్న పెన్షన్‌కు ఇన్సులిన్ సీసా కూడా రాలేదు. పోయాడు.

అందుకే ఈమె తలూపలేదు. ఆమెను తీసేసే అధికారం అధ్యక్షుడికి లేదు. చట్టం ఒప్పుకోదు.

కాబట్టి... తుపాకులు!

కారు సర్రున మలుపు తిరుగుతుంది. మసక వెలుతురులో సరిహద్దు గేటు.

"అదిగో! అది దాటితే చాలు. నిన్నెవడూ పట్టుకోలేడు!"

ఆమె వెనక్కి చూస్తుంది.

జీపు నెమ్మదిస్తోంది.

ఇంత దగ్గరికొచ్చి... ఎందుకు ఆగుతున్నారు?

కారు స్పీకరులో ఫోన్ మోగుతుంది. అన్నయ్య కట్ చేయబోతాడు. కంగారులో వేలు తప్పి కాల్ కలుస్తుంది.

"కొత్త గవర్నర్ గారూ! మీ చెల్లెల్ని దాటించారా?"

అధ్యక్షుడి కార్యదర్శి గొంతు!

ఆమెకు అదే చట్టంలో ఇంకో మాట గుర్తొస్తుంది. బ్యాంకు బోర్డు అనుమతి లేకుండా దేశం దాటిన గవర్నర్‌కు పదవి పోయినట్టే!

తరిమింది చంపడానికి కాదు... దాటించడానికి!

"కారు ఆపు."

"చెల్లీ, నీ ప్రాణం దక్కాలనే..."

"ఆపు!"

బ్రేకు కీచుమంటుంది. ఆమె దిగుతుంది. గేటుకు వీపు తిప్పి, జీపు వైపు నడుస్తుంది.

"పిచ్చిదానా! వెనక్కెళితే చంపేస్తారే!"

"చంపనీ. అంతవరకూ ఆ కుర్చీ నాదే. తర్వాత నువ్వే కూర్చో. కూర్చున్నాక మాత్రం నాన్న పేరెత్తకు."

జీపు తలుపు తెరుచుకుంటుంది.

"కాల్చొద్దు!" అన్నయ్య గొంతు చీలిపోతుంది.

ఢాం!

స్పీకరులో కార్యదర్శి ఇంకా లైన్‌లోనే ఉన్నాడు.

"మోత వినిపించింది సార్. దాటకపోయినా ఫర్వాలేదు... కుర్చీ ఖాళీ అయింది. పొద్దున్నే వచ్చి సంతకం పెట్టండి."