గుడ్డి మలుపులో ఊడిన ట్రైలర్

నన్ను భయపెట్టగల దెయ్యం ఇంకా పుట్టలేదు. దెయ్యాలు పుట్టవు, చస్తే అవుతాయి అంటారా — సరే, ఇంకా చావలేదు. బల్లుల సంగతి వేరు. గోడ మీద బల్లి ఉంటే నేను ఆ గదిలో అడుగుపెట్టను. దెయ్యాల దగ్గర మాత్రం సింహాన్ని.

అందుకే గుడ్డి మలుపు సంగతి మొదటిసారి విన్నప్పుడు పొట్ట పట్టుకుని నవ్వాను.

ఆ మలుపు ఏ ఊళ్లోనూ లేదు. ఒక వీడియో గేమ్‌లో ఉంది. లారీకి ట్రైలర్ తగిలించుకుని, రోడ్డన్నది లేని చోట, బురదలోంచి ఈడ్చుకుపోవడం... గేమ్ మొత్తం ఇంతే. తుపాకుల్లేవు, పందేల్లేవు. ఎవరికీ అక్కర్లేని దుంగల్ని ఎవరూ లేని ఊరికి నత్తనడకన చేరవేయాలి. మధ్యలో బురదలో దిగబడితే అదో ఆనందం. నా దగ్గరా ఉందా గేమ్. నిద్ర పట్టనప్పుడు పెట్టుకుంటాను. పది నిమిషాల్లో గురక.

ఆ గేమ్‌లో ఒక పాడుబడ్డ కోతమిల్లు ఉంటుంది. అక్కడ సాయంత్రం దుంగలు ఎక్కిస్తారు. అక్కణ్ణుంచి ఎంత తొందరపడినా, కొండ దగ్గరికొచ్చేసరికి చిమ్మచీకటే. ఒక పక్క కొండ. ఒక పక్క చిత్తడి. మధ్యలో, అవతల ఏముందో కనబడని మలుపు. మిగతా దారంతా అరచెయ్యంత చదును. మలుపన్నది అదొక్కటే.

మలుపు మొదట్లో తుప్పుపట్టిన లారీ క్యాబిన్ ఒకటి పడి ఉంటుంది... తలుపు తెరుచుకుని.

అక్కడ ట్రైలర్ ఊడిపోతుంది. దానంతట అదే.

నాకు చెప్పింది మా బావ. అక్క మొగుడు. పద్దెనిమిదేళ్లుగా నిజం ట్రైలర్ లాగుతున్న మనిషి. ఆయనకు చెప్పింది వాళ్ల ఆఫీసు డ్రైవర్లు. ఆఫీసు వెనక, డ్రైవర్లు నడుం వాల్చే గదిలో, ఓనరు కొడుకు తన పాత గేమ్ పెట్టె పడేసి పోయాడట. పగలంతా లారీ తోలి తోలి వచ్చినవాళ్లు అక్కడ కూర్చుని మళ్లీ లారీయే తోలుతున్నారట. మంగలి సెలవు పెట్టి ఇంట్లో వాళ్లకి గడ్డాలు గీసినట్టు.

"తొమ్మిది మంది ఆడార్రా," అన్నాడు బావ, గొంతు బాగా తగ్గించి. "తొమ్మిది మందికీ అక్కడే ఊడింది."

"తొమ్మిది మందికీ తోలడం రాదేమో."

"గుమాస్తాకి ఊడలేదు."

ఆ గుమాస్తా సైకిలు కూడా ఎరగడట. వేరుశనగలు నములుతూ ఐదుసార్లు మలుపు దాటాడట... చీమ కుట్టినట్టు కూడా లేదట. దాంతో డ్రైవర్లలో అందరికంటే పెద్దాయన తేల్చేశాడు. ఆ మలుపులో ఉన్నది ఒక డ్రైవరు. ఎప్పుడో ట్రైలర్ ఊడి, దాంతోపాటే చిత్తడిలోకి పోయినవాడు. వాడు చేతుల్ని గుర్తుపడతాడు. నిజంగా స్టీరింగు తిప్పిన చేతులైతే — ట్రైలర్‌ని లారీకి పట్టి ఉంచే పిన్ను లాగేస్తాడు.

"అంటే దెయ్యం లైసెన్సులు చూస్తోందన్నమాట," అన్నాను. "లేనివాణ్ణి పోనిస్తుంది, ఉన్నవాణ్ణి పట్టుకుంటుంది. ఇదెక్కడి న్యాయం బావా?"

బావ నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. నెల కిందట యార్డు గేటు దాటుతుంటే ఆయన ట్రైలర్ నిజంగానే ఊడింది. అదృష్టం, ఎవరికీ గీత పడలేదు. గేటు స్తంభం ఒరిగింది. లోపలున్న పింగాణీ సామాను పిండయింది. "పిన్ను పడిందో లేదో దిగి చూశావా?" అని ఓనరు అడిగాడు. చూశానన్నాడు బావ. ఓనరు ఇంకేం అడగలేదు. నెలరోజులు ఇంట్లో ఉండమన్నాడు. "ఆ తర్వాత సోమవారం వచ్చి నీ ట్రైలర్ తాళం తీసుకో. ధైర్యం చాలదంటావా, గేటు దగ్గర కాపలావాడి కుర్చీ ఖాళీగా ఉంది."

ఆ సోమవారం దగ్గరకొచ్చేసింది. నెలరోజులుగా బావ లారీ ఊసెత్తలేదు. తాళం తలుచుకుంటేనే చేతులు వణుకుతున్నాయని అక్కతో అన్నాడట. అక్క నాతో అంది. నేను దానికి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, నా గేమ్ పెట్టె చంకన పెట్టుకుని వాళ్లింటికి పోయాను. ముందు బొమ్మ లారీతో చేతులు కుదురుకుంటే, రేపు నిజం లారీ సంగతి చూడొచ్చని. వెక్కిరింత నా తరఫున ఉచితం.

బయట మండుటెండ. టీవీ మీద వెలుగు పడుతోందని బావ కిటికీకి దుప్పటి కట్టాడు. దాంతో గదిలోనూ చీకటి, టీవీలోనూ చీకటి. మంచం మీద అక్క బట్టలు మడతపెడుతోంది.

మిల్లు దగ్గర బావ లారీని వెనక్కి పోనిచ్చి ట్రైలర్‌కి ఆనించాడు. టక్. తగిలింది. గేమ్‌లో అంతటితో సరి. ఆయన కాస్త ముందుకు లాగాడు, ఆపాడు, మళ్లీ లాగాడు — పట్టు చూసుకున్నాడు. తర్వాత సోఫాలోంచి లేచి టీవీ ముందుకెళ్లి, మోకాళ్ల మీద వంగి, లారీకీ ట్రైలర్‌కీ మధ్య తేరిపార చూశాడు.

"టీవీ వెనక్కి కూడా వెళ్లు బావా. వెనక చక్రాల్లో గాలి ఉందో లేదో."

"నోర్ముయ్‌రా," అంది అక్క, నవ్వు ఆపుకుంటూ.

బావ వచ్చి కూర్చున్నాడు. లారీ కదిలింది.

ఒప్పుకోవాలి — తోలడం అంటే అదీ. నేను తోలితే ఆ లారీ బురదలో పొర్లే గేదె. ఆయన చేతిలో అది పంచె ఎత్తిపట్టుకుని కాలవ దాటే పెద్దమనిషి. చేతుల్లో వణుకు లేదు. అక్క మడతపెట్టడం ఆపి, టీవీని కాదు, ఆ చేతుల్నే చూస్తోంది.

కొండ వచ్చింది.

లైట్ల వెలుగులో తుప్పు క్యాబిన్ కనిపించింది... తెరిచిన తలుపు... లోపల నల్లగా... ఖాళీ సీటు.

బావ వేగం తగ్గించాడు. లైట్లు ఆర్పి వెలిగించాడు. హారన్ కొట్టాడు — కొండకి తగిలి తిరిగొచ్చేంత పొడుగ్గా. లారీ ముక్కు మలుపులోకి తిప్పాడు...

టక్.

లారీ ఒక్కసారిగా తేలికై ముందుకు దూకింది. వెనక ట్రైలర్ ఒక క్షణం నిలబడింది, ఆలోచిస్తున్నట్టు. తర్వాత మెల్లగా వెనక్కి జారింది. ఎర్ర లైట్లు రెండూ చిత్తడి వైపు పోయాయి. ఒకటి ఆరింది. కాసేపాగి... రెండోది.

బావ సోఫాలో వెనక్కి వాలాడు.

"చూశావా," అన్నాడు బావ. "గుర్తుపట్టాడు."

కంట్రోలర్ పక్కన పెట్టేశాడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వు," అన్నాను. "దాటడం అంటే ఏమిటో చూపిస్తా."

"నీకేం కాదులే. నీవి డ్రైవరు చేతులు కావు."

ఈ మాట నాకు తగిలింది. బస్సులో కిటికీ పక్క సీటు తప్ప నాకు ఏ బండితోనూ పరిచయం లేకపోవచ్చు, అంతమాత్రాన మొహం మీద చెప్పాలా? మళ్లీ మిల్లు దగ్గర మొదలుపెట్టాను. రెండుసార్లు దిగబడ్డాను. ఒకసారి చెట్టుని గుద్దాను. బావ ప్రతి దెబ్బకీ మొహం పక్కకి తిప్పుకున్నాడు, తన వీపు మీద పడ్డట్టు.

కొండ వచ్చింది. క్యాబిన్ వచ్చింది. ముక్కు తిప్పాను...

టక్.

ఎర్ర లైట్లు రెండూ వెనక్కి... కిందికి...

"నీక్కూడానా," అంది అక్క.

బావ లేచి నిలబడ్డాడు. "వీణ్ణి చూసి కాదే. ఈ గదిలో ఉన్న నన్ను చూసి." బల్ల మీద ఫోన్ తీశాడు. "ఓనరుతో చెప్పేస్తా. కుర్చీ చాలు నాకు. ఇవాళ బొమ్మది ఊడింది. రేపు నిజంది ఊడి, వెనక ఎవడి స్కూటరో ఉంటే?"

"ఒక్క నిమిషం ఆగండి," అంది అక్క. ఆయన ఆగలేదు. నంబరు వెతుకుతున్నాడు.

నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్ల పనితనాన్ని ఒక తుప్పు క్యాబిన్ తినేస్తుందా? గేమ్ ఆపి, ఏ బటన్ ఏం చేస్తుందో రాసి ఉండే పేజీ తెరిచాను. ఆ పేజీ ఇంతవరకూ భూమ్మీద ఏ ఆటగాడూ చదివి ఉండడు. వరసగా చదువుకుంటూ పోయాను.

హారన్ — నొక్కండి.

ట్రైలర్ విడుదల — మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి.

రెంటికీ ఒకటే బటన్.

"బావా," అన్నాను. "ఫోన్ పెట్టెయ్. ఎదురు కనబడని మలుపులో ఏం చేస్తావు నువ్వు?"

"పొడుగు హారన్ కొడతా. కొట్టకపోతే వాడు డ్రైవరా?"

"మీ తొమ్మిది మందీ?"

బావ టీవీ దగ్గరికొచ్చి ఆ రెండు లైన్లూ చదివాడు. పెదాలు కదుపుతూ, రెండుసార్లు. గుమాస్తాకి మలుపులో హారన్ కొట్టాలని తెలీదు. అందుకే వేరుశనగలు నములుతూ దాటేశాడు. వీళ్లకి అలవాటు. పద్దెనిమిది, ఇరవై, పాతికేళ్ల అలవాటు. ఎవరూ లేని అడవిలో, బొమ్మ లారీకి ఎదురొచ్చే బొమ్మ లారీ కోసం, తొమ్మిది మంది పెద్దమనుషులు నిండుగా హారన్ కొట్టి, తమ ట్రైలర్‌ని తామే నీళ్లలో వదిలి, ఆ నింద ఒక చచ్చినవాడి నెత్తిన పెట్టారు.

నేను సోఫా మీంచి జారి నేల మీద పడి నవ్వాను. అక్క మడతపెట్టిన బట్టల్లో మొహం దాచుకుంది.

బావ మాత్రం నవ్వలేదు. కంట్రోలర్ తీసుకుని మళ్లీ మిల్లు నుంచి వచ్చాడు. మలుపులో చిన్నగా రెండు కూతలు — పీప్, పీప్. ట్రైలర్ బుద్ధిమంతురాలిలా వెనకే వచ్చింది. అవతల చదునులో లారీ ఆపి, కంట్రోలర్ పక్కన పెట్టాడు.

"ఆ దెయ్యం ఉంటే బాగుండేదే," అన్నాడు అక్కతో. "నెలరోజులుగా దాని మీదకి తోసేద్దామని చూస్తున్నా."

అక్క తలెత్తింది.

"ఆ రోజు యార్డులో నేను దిగి చూడలేదు. వాన పడుతోంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నా. ఓనరుకి చూశానని చెప్పా."

అక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒక చొక్కా మడతపెట్టి, దాని మీద ఇంకోటి పెట్టి, "రేపు ముందు ఆ మాట ఓనరుతో అనండి. తాళం సంగతి తర్వాత," అంది.

సోమవారం బావ పోయి అన్నాడు. ఓనరు అరగంట తిట్టాడట. తిట్టి తిట్టి, తాళం విసిరాడట. బావ పట్టుకున్నాడు. చేతులు వణికాయా అని నేను అడగలేదు. బండి తగిలించాక వానలో దిగి, పిన్ను చూసి, చేత్తో తడిమి, మళ్లీ ఎక్కాడని గుమాస్తా చెప్పాడు.

ఇంతకీ ఆదివారం నాడు, నవ్వులన్నీ అయ్యాక, అక్కకి ఒక అనుమానం వచ్చింది. "మరి నీకెందుకు ఊడిందిరా? నువ్వు డ్రైవరువి కాదుగా. నువ్వెందుకు కొట్టావు పొడుగు హారన్?"

"బావని చూసి నేర్చుకున్నా," అన్నాను వెంటనే. "మలుపులో హారన్ కొట్టడం మర్యాద కదా." బావ మెచ్చుకోలుగా నా భుజం తట్టాడు. ఇప్పటికీ ఎక్కడైనా నలుగురు కూర్చుంటే, మా బావమరిదికి నేర్పకుండానే పని పట్టుబడిందని చెబుతుంటాడు.

ఆయనకి చెప్పలేదు, మీకు చెబుతున్నా. మలుపు నాకు కనిపించనే లేదు. అప్పటికే కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఆ హారన్ కొట్టింది... ఆ క్యాబిన్‌లో నిజంగా ఎవరైనా ఉంటే, కాస్త దయచేసి పక్కకి తప్పుకుంటారని.