మేనమామ ఒడి

"ఈ చేతులతో పాపను పట్టుకోలేనక్కా..." అని నాగలింగం గోడవారకు జరిగాడు.

పీట వేసి ఉంది. చెవులు కుట్టే ఆచారి బంగారు తీగ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. బిడ్డ మేనమామ ఒడిలోనే కూర్చోవాలి. బిడ్డ తల్లి సీతాలక్ష్మికి ఉన్నది ఒక్కడే తమ్ముడు, నాగలింగం. కొత్తగా కానిస్టేబులైన ఆ తమ్ముడు ఇప్పుడు సస్పెండై ఉన్నాడు. మద్రాసు జార్జి టౌన్‌లో తాగి గొడవ చేస్తున్న ఒక బండి కూలీని, శిక్షణలో నేర్పినట్టే, వెనకనుంచి మెడకు చెయ్యి అడ్డం వేసి పట్టుకున్నాడు. ఆ మనిషి మళ్ళీ లేవలేదు! రేపు విచారణ.

నేర్పింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు... పోలీసు శిక్షణలో డ్రిల్లు మాస్టరుగా ఉన్న సీతాలక్ష్మి భర్త కోదండరామే. కానీ పై అధికారులు అడిగితే, "అట్లాంటి పట్టు నేను నేర్పలేదు" అని చెప్పి వచ్చాడు. నిజం చెప్పమని సీతాలక్ష్మి నెల్లాళ్ళుగా బతిమాలింది. అన్నం వడ్డిస్తూ అడిగింది, ఏడుస్తూ అడిగింది. అడిగినప్పుడల్లా అతను పేపరు అడ్డం పెట్టుకునేవాడు. తమ్ముడు జైలుకు పోతాడేమోనని ఒకవైపు, మొగుడి ఉద్యోగం పోతుందేమోనని ఇంకొకవైపు... ఎవరితో చెప్పుకుంటుంది?

"ఏందబ్బా నీ పంతం?" అంది అత్తగారు గోవిందమ్మ. "నువ్వేమన్నా పులివా, బిడ్డను తినేదానికి? దా, కూచో."

"వద్దులే అత్తా."

సీతాలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ కోకిలను ఎత్తుకొచ్చి భర్త ఒడిలో కూర్చోబెట్టింది.

"మీరే పట్టుకోండి. ఎవురినైనా కదలకుండా పట్టే విద్య మీది కదా."

కోదండరాం బిడ్డ భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆచారి వంగాడు. సూది తగలగానే "వేండాం, వేండాం" అని అరవంలో వద్దంటూ కోకిల గిలగిలా కొట్టుకుంది. తండ్రి చెయ్యి బిడ్డ భుజం మీదినుంచి జారి, గడ్డం కిందికి పోయి బిగుసుకుంది.

"బావా, మెడ! చెయ్యి తీయండి!"

నాగలింగం ఒక్క ఉదుటున వచ్చి ఆ చేతిని లాగేశాడు. కోకిల దగ్గి, పెద్దగా ఏడ్చింది. సీతాలక్ష్మి బిడ్డను గుండెకు హత్తుకుంది.

"నేను... కావాలని పెట్టలేదు," అన్నాడు కోదండరాం తన చేతినే చూసుకుంటూ.

"వాడు మాత్రం కావాలని పెట్టినాడా?" అంది సీతాలక్ష్మి. "కన్నబిడ్డ కాడ మీ చెయ్యే మీ మాట వినకపోయె. మీరు నేర్పినోళ్ళ చేతులు వింటాయా?"

కోదండరాం బావమరిది వైపు తిరిగాడు.

"నేనే నేర్పినానని రేపు చెప్తాను నాగలింగం."

"చెప్తే ఆ మనిషి లేచొస్తాడా బావా?" అన్నాడు నాగలింగం, గోడకేసి తిరిగి.

ఇవాళ్టికి చెవులు కుట్టడం కాదని ఆచారి సూది తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. సీతాలక్ష్మికి సంతోషం కలగలేదు. నెల్లాళ్ళ తన కన్నీళ్ళు చేయలేని పని, బిడ్డ గొంతు నలిగితే గాని జరగలేదు... ఇక ఈయన మాటను ఎట్లా నమ్మడం?

"రేపు విచారణకు నేనూ వస్తాను," అంది.

"ఆడికి ఆడోళ్ళెందుకు..." అనబోయి కోదండరాం ఆగిపోయాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"సరే," అన్నాడు. "పొద్దున్నే బయల్దేరాల."