మూల బస్సులో ఆరు వేల అడుగులు

ముందు ఆ చేతి వంక చూడటం మానెయ్. కథ చెప్పమని అడిగింది నువ్వే. నేను గొంతు సవరించుకునేలోగా మూడుసార్లు మణికట్టు చూసుకున్నావు. ఎంత నడిచావో నీ కాళ్ళకి తెలియదా? నిద్ర పట్టిందో లేదో నీ కళ్ళకి తెలియదా? తన ఒంటి సంగతి కొట్లో కొన్న వస్తువుని అడిగి తెలుసుకునేవాణ్ణి ఏమనాలి? ఆ వాచీ తీసి బల్ల మీద పెట్టు. అలా కాదు, బోర్లా పెట్టు.

ఇప్పుడు విను.

మా బస్సు డిపోలో వెనక గోడని ఆనుకుని ఒక పాత బస్సు ఉండేది. ఇంజను తీసేశారు. చక్రాలు విప్పేసి ఇటుకల మీద నిలబెట్టారు. మూల బస్సు అనేవాళ్ళం. పొద్దుగూకాక దాని వైపు పిల్లి కూడా పోయేది కాదు.

ఎప్పుడో ఆ బస్సు రోడ్డు మీద ఉన్న రోజుల్లో, టిక్కెట్లు కొడుతూ కొడుతూ ఒక కండక్టరు గుండె ఆగి పడిపోయాడట. సగం బస్సుకే టిక్కెట్లు ఇచ్చాడు. మిగతా సగం అలాగే ఉండిపోయింది. అందుకని రాత్రిళ్ళు... ముందు నుంచి వెనక్కి... వెనక నుంచి ముందుకి... నడుస్తూనే ఉంటాడని చెప్పుకునేవాళ్ళు.

నేను అక్కడ ముప్ఫై ఏళ్ళు బస్సుల రాకపోకల వేళలు రాశాను. నేనైతే ఏమీ చూడలేదు. చూసింది మా పెద్ద డ్రైవరు. ఆ సంగతంతా దగ్గరుండి ఎరిగినవాడు మా మెకానిక్కు. ఒంటి నిండా మసే కాబట్టి అతన్ని మసి బాబాయి అనేవాళ్ళం. అతను చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

పెద్ద డ్రైవరు పనిలో గట్టివాడు. గ్లాసు నిండా నీళ్ళు పోసి పక్కన పెడితే చుక్క తొణక్కుండా బస్సు నడిపేవాడు. అది ఒప్పుకోవాలి. కానీ ఇరవై ఆరేళ్ళు కూర్చుని కూర్చుని మనిషికి సీటు ఆకారం వచ్చేసింది. స్టీరింగుకీ పొట్టకీ మధ్య కాగితం దూరేది కాదు. ఇల్లు రెండు వీధుల అవతలే. అక్కడికీ ఎవడి బండి వెనకో ఎక్కి పోయేవాడు.

ఆ ఏడాది డ్రైవర్ల వైద్య పరీక్షల్లో డాక్టరమ్మ అతని కాగితాలు చూసి కళ్ళజోడు తీసేసింది.

"షుగరు ఇలా ఉంటే ఎలా అండీ? మూడు నెలలు టైమిస్తున్నాను. రోజూ ఆరు వేల అడుగులు నడవండి. ఈ వాచీ పెట్టుకోండి, లెక్క నాకు తెలుస్తుంది. మూడు నెలల్లో తగ్గకపోతే స్టీరింగు ఇవ్వను. మీకు కళ్ళు తిరిగితే వెనక యాభై మంది ఉంటారు."

"అమ్మా, రోజూ నూట ఎనభై కిలోమీటర్లు తిరుగుతున్నాను కదా!"

"తిరిగేది బస్సు. మీరు కూర్చుంటున్నారు."

వాచీ కట్టుకున్నాడు. అది గంటకోసారి చేతి మీద జరజరమని వణికి, లేచి నిలబడమని చెప్పేది. "కట్టుకున్నది కూడా నన్నిన్నిసార్లు లేవమనలేదు బాబాయ్" అని విసుక్కునేవాడు.

మూడు రోజులు నడిచాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, పట్టపగలు ఏ దెయ్యం ఉంటుందిలే అని మూల బస్సెక్కి పడుకున్నాడు. వాచీ నిద్రపోనివ్వలేదు. విప్పి, ముందు తలుపు దగ్గర నిలబడేవాళ్ళు పట్టుకునే తోలుపట్టాకి తగిలించాడు. లేచి, మరిచిపోయి ఇంటికి పోయాడు.

పొద్దున వచ్చి చూస్తే... ఆరు వేల రెండు వందల పద్నాలుగు అడుగులు.

ఇంకొకడైతే వాచీ అక్కడే పారేసి పరిగెత్తేవాడు. బద్ధకస్తుడికి భయం కూడా బద్ధకంగానే వేస్తుంది. అతను కాసేపు తల గోక్కుని, ఆ సాయంత్రం మళ్ళీ తగిలించాడు. మర్నాడు ఏడు వేలు.

"బాబాయ్, దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా."

"అంటారు. అయితే?"

"వెనక్కి నడిచినా వాచీ లెక్కేసుకుంటుందా?"

"నీకెందుకురా?"

"ఊరికే."

ఇంట్లో పెళ్ళాం మురిసిపోయింది. మా ఆయన మనిషి మారాడని వీధి వీధంతా చెప్పింది. ఆ మాట విని కూడా సిగ్గు పడలేదు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

సోమవారం డాక్టరమ్మ లెక్క చూసింది. "నడక బాగుంది. కానీ నడుస్తున్నంతసేపూ గుండె కొట్టుకోవడం లేదేమిటి?"

"వాచీ వదులైందమ్మా."

"బిగించి కట్టండి."

ఆ సాయంత్రం తోలుపట్టాకి తడిగుడ్డ చుట్టి, దాని మీద వాచీ బిగించాడు. ఎందుకలా చేశాడో అతనికే తెలియదు. పొద్దున చూస్తే నాడి ఉంది. ఎనభై ఎనిమిది. అచ్చు పరాకుగా నడిచే మనిషి నాడి.

అప్పుడు మొదటిసారి అతనికి భయం వేసింది. అయినా మానలేదు.

వారాలు గడిచాయి. అడుగులు పెరుగుతూ వచ్చాయి. ఎనిమిది వేలు... తొమ్మిది... ఒక ఆదివారం రాత్రి ఏకంగా పదకొండు వేలు. డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "రాత్రి ఒంటిగంటకి ఎక్కడ నడుస్తున్నారండీ మీరు?"

నిద్ర పట్టట్లేదని ఏదో చెప్పి బయటపడ్డాడు. ఇలాగే పెరిగితే దొరికిపోవడం ఖాయం. ఎలాగైనా తగ్గించాలి. తగ్గించమని ఎవరిని అడగాలి?

తర్వాతి ఆదివారం రాత్రి వెళ్ళాడు.

డిపో అంతా నిశ్శబ్దం. దీపం ఒక్కటే, అదీ గేటు దగ్గర. మూల బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. రేకు కిర్రుమంది. లోపల చీకటి... తుప్పు వాసన...

తోలుపట్టా తడిమాడు. వాచీ లేదు. తడిగుడ్డా లేదు.

తలెత్తాడు.

బస్సు చివర... ఆకుపచ్చగా... ఒక చిన్న వెలుగు. వాచీ అడుగున మిణుకుమంటుందే, అది. నడుమెత్తున వేలాడుతోంది. కదిలింది. ఒక సీటు దగ్గర ఆగింది. మళ్ళీ కదిలింది. తర్వాతి సీటు దగ్గర ఆగింది...

ఎవరికో ఏదో చింపి ఇస్తున్నట్టు... చిన్న చప్పుడు.

చర్ర్...

అతను తోలుపట్టా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెలుగు నాలుగు సీట్ల దూరానికి వచ్చింది. మూడు... రెండు...

"అన్నా..." అన్నాడు గుసగుసగా. "కండక్టరన్నా... ఆరు వేలు చాలన్నా... అంతకంటే వద్దు..."

వెలుగు ఆగిపోయింది.

ఆ తర్వాత చెవి పక్కనే, అలసిపోయిన గొంతు—

"రైట్."

పరిగెత్తాడు. గేటు దాటి, రెండు వీధులు దాటి, వాకిట్లో పడేదాకా ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను పరిగెత్తింది అదొక్కసారే. ఆ అడుగుల్లో ఒక్కటీ లెక్కకి రాలేదు. వాచీ బస్సులో ఉండిపోయింది కదా.

మర్నాడు మసి బాబాయి కాళ్ళావేళ్ళా పడి, జరిగిందంతా చెప్పి, అతన్ని లోపలికి పంపాడు. వాచీ ముందు తలుపు దగ్గరే, తోలుపట్టాకి, తడిగుడ్డ మీద బిగించినట్టే ఉంది. ఆ రోజు నుంచి కట్టే పనీ విప్పే పనీ మసి బాబాయివే. లెక్క మాత్రం రోజూ ఆరు వేలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు," అన్నాడు మసి బాబాయి నాతో. "గోడ అవతల మన గాలి కంప్రెసరు ఉంది. రాత్రంతా నడుస్తుంది. అది అదిరితే గోడ అదురుతుంది, గోడకానిన బస్సు అదురుతుంది, తోలుపట్టా ఊగుతుంది. ఊగితే చాలు, ఆ వాచీకి నడకే. తడిగుడ్డ కడితే దానికి అదే నాడి. పిరికి వెధవ, చీకట్లో ఏం చూసి ఏమనుకున్నాడో!"

"ఆదివారం కంప్రెసరు ఆపేస్తారు కదయ్యా. ఆదివారమే ఎక్కువ అడుగులు పడ్డాయేం?"

మసి బాబాయి చేతులు తుడుచుకున్నాడు.

"ఆదివారం రద్దీ ఎక్కువ ఉంటుంది కదా," అన్నాడు.

అంతకంటే ఆ సంగతి నేను అడగలేదు. నడిచింది కంప్రెసరో, కండక్టరో నాకు అనవసరం. నడవాల్సినవాడు నడవలేదు. నాకు కావలసింది అదే.

మూడు నెలలు నిండాయి. డాక్టరమ్మ ఒక చేతిలో నడక లెక్క, ఇంకో చేతిలో రక్తం లెక్క. రెండిటినీ మార్చి మార్చి చూసింది.

"మీ తప్పేం లేదండీ," అంది మెత్తగా. "చెప్పినట్టు నడిచారు. అయినా షుగరు రవ్వంత తగ్గలేదు. నడవనివాడికి తగ్గకపోతే అది బద్ధకం. దగ్గరుండి నడిపించి, ఇంకో మూడు నెలలు ఇచ్చేదాన్ని. ఇంత నడిచినవాడికి తగ్గలేదంటే అది జబ్బు. ఈ ఒంటిని నమ్మి మీకు బస్సు ఇవ్వలేను."

అతను నోరు తెరిచాడు.

నడవలేదని చెబితే—మోసం. ఉద్యోగమే పోతుంది. నా బదులు ఇంకొకరు నడిచారని చెబితే—ఎవరని అడుగుతుంది. బయట బల్ల మీద పెళ్ళాం కూర్చుని ఉంది, పక్కన కూర్చున్నావిడకి మొగుడి నడక గురించి చెబుతూ.

నోరు మూసుకున్నాడు. డాక్టరమ్మ సంతకం పెట్టింది.

నడక బాగా అలవాటైన మనిషి కదా అని మేనేజరు అతన్ని టైర్ల తనిఖీలో వేశాడు. ఎనభై బస్సులు. బస్సుకి ఆరు టైర్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, సుత్తి పట్టుకుని ఒక్కొక్కటీ కొట్టి చూస్తూ తిరగాలి.

అయిదు నెలల్లో పొట్ట కరిగింది. షుగరు దిగింది. కాగితం పట్టుకుని మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. మేనేజరు చదివి సంతోషించాడు. "ఒళ్ళు బాగుపడింది, మంచిది. కానీ నీ బస్సు వేరేవాళ్ళకి ఇచ్చేశాం. ఖాళీ లేదు." తర్వాతా రాలేదు. రిటైరయ్యేదాకా రాలేదు.

అతని బస్సు ఎక్కినవాడు ఒకప్పుడు అతని దగ్గరే పని నేర్చుకున్న కుర్ర డ్రైవరు. మంచివాడే. రోజూ తెల్లవారుజామున ఇంజను వేడి చేసి, కిటికీలోంచి తల బయటపెట్టి, ముందు చక్రం దగ్గర సుత్తితో ఉన్న ఇతనితో మర్యాదగానే అనేవాడు—

"మామా, కొంచెం జరుగు."

జరిగేవాడు.